పది పీసోల మనిషి

ఫహాహీల్ దవాఖాన, మూడో అంతస్తు.
ఏడుగురు మగవాళ్లం ఉన్న గదిలో
పనిచేసే కాళ్లు పదకొండు.
లెక్క తప్పించినవి నావి రెండు,
క్రిసాంతో మలబనాన్‌ది ఒకటి.

బతాంగాస్ వాడు, క్రేన్ ఆపరేటరు.
ఇనుప కడ్డీల బోనులో ఉన్న ఎడమకాలిని
పందెంకోడిని చూసుకున్నట్టు చూసుకునేవాడు.
మా ఇద్దరి మధ్య భాష
సగం హిందీ, పావు అరబ్బీ,
మిగిలింది చేతులు.

రాత్రి పది దాటితే ఏసీ దగ్గుతుంది.
కిటికీ అవతల రిఫైనరీ మంట
ఆరదు, పెరగదు.
ఆ వెలుతుర్లో దిండు కింది నుంచి నాణెం తీశాడు.
"మా పక్క ఊరోడు" అన్నాడు,
చిన్నాయన కొడుకుని చూపించినట్టు.
మాబిని.
నాణెం మీద భుజాల దాకే ఉన్నాడు.
"కాళ్లేవి మరి?" నవ్వులాటకే అడిగాను.
"అదే కద కథ" అన్నాడు.

తల్లి సంతలో కూర్చుని సరుకులమ్మేది.
కొడుకు పాదిరి కావాలని ఆమె కోరిక.
కొడుకు వకీలు చదువు చదివాడు.
ముప్పై దాటాక ఒక జబ్బు వచ్చి
పోతూ పోతూ రెండు కాళ్లూ పట్టుకుపోయింది.
తిరుగుబాటు సర్దారు కబురు పెడితే
ఊయల్లో వేసి మోసుకుపోయారట,
ఒక ఊరి భుజాలు అలిసిన చోట
ఇంకో ఊరి భుజాలు వచ్చి.

నాకు ఉట్నూరు గుట్టలు యాదికొచ్చాయి.
నిండు చూలాలిని మంచంతో సహా వాగు దాటించిన రోజు
ఒక కోడు పట్టింది నేనే.
మొన్న నన్ను షట్టరింగ్ పలక మీద మోసినోళ్లు
ఒక బెంగాలీ, ఇద్దరు నేపాలీలు,
మెట్‌పల్లి గంగమల్లు.
పలకకు సిమెంటు ఇంకా తడిగా ఉంది,
వీపుకు చల్లగా తగిలింది.
నడుము కింద ఏదీ తగల్లేదు.

"కాళ్లు లేనోడు ప్రధానమంత్రి అయ్యాడా?"
"కాళ్లున్నోళ్లు ఉరుకులాటలో ఉన్నారు,
కూర్చుని ఆలోచించేటోడు ఒకడు కావాలి కద."
ఆ మాటకు నవ్వుతుంటే
వాడి కాలి కడ్డీలు గలగలమన్నాయి,
నర్సు వచ్చి కసిరింది.

తర్వాత అమెరికా వాళ్లు పట్టుకున్నారు.
గువాం దీవికి పంపారు.
మా జెండాకు ప్రమాణం చేసి సంతకం పెట్టు,
ఇంటికి పో అన్నారు.
పెట్టలేదు.
రెండేళ్లు సముద్రం చూస్తూ పెట్టలేదు.
అక్కడిదాకా చెప్పి క్రిసాంతో నిద్రపోయాడు.

తెల్లారి కంపెనీ మందూబ్ వచ్చాడు,
అత్తరు వాసన, ప్లాస్టిక్ కవర్లో కాగితాలు.
"సంతకం పెట్టు, ఇంటికి పో."
అవే మాటలు. ఆయనకు తెలియదు, పాపం.
నాదొక కట్ట. క్రిసాంతోదొక కట్ట.

క్రిసాంతో పెట్టేశాడు.
నావైపు చూడకుండా, గబగబా,
మూడు చోట్ల.
"అకామా అయిపోతుంది" అన్నాడు.
నేనేమీ అడగలేదు.

వీల్‌చైర్లో లిఫ్టు దాకా తోస్తుంటే
నాణెం నా మంచం మీదికి విసిరాడు.
అప్పుడు అరిచాను:
"మరి వాడు? ఆఖరుకు పెట్టాడా?"
"పెట్టాడు."
లిఫ్టు వచ్చింది.
"ఇంటికి పోయాడు. మూడు నెలలు నిండలేదు.
కలరా."
తలుపులు మూసుకున్నాయి.

నాలుగు రోజుల నుంచి ఆ మాట నములుతున్నా.
పెట్టనందుకు పెద్దోడా?
పెట్టి ఇంటి మట్టిలో కలిసినందుకు చిన్నోడా?
తూచడానికి నా దగ్గర
పది పీసోల రాయి ఒక్కటే ఉంది.

ఏసీ గాలికి కాగితాలు ఎగరకుండా
దాన్నే పైన పెట్టాను.
కుడి నుంచి ఎడమకు పారే అక్షరాల్లో
నా కాళ్ల ధర ఏ వరుసలో ఉందో తెలియదు.
వార్డు ఊడ్చే ఈజిప్టు పిల్లాడు వంగి చదివి
"పడింది నీ తప్పు వల్లే అని ఉంది" అన్నాడు,
చీపురు మీదే కళ్లు పెట్టి.

మందూబ్ మళ్లీ వచ్చి పెన్ను ఇచ్చాడు.
మూత తియ్యలేదు.
"సాక్షులు కావాలె" అన్నాను.
"ఎవరు?"
"నన్ను మోసినోళ్లు. నలుగురు."
ఆయన గడియారం చూసుకున్నాడు.

గంగమల్లుకు ఫోను చేస్తే
వెనక మిక్సర్ మోత.
"జుమ్మా రోజు వస్తం, అందరం" అన్నాడు.
ఇంకా ఏదో అన్నాడు, వినబడలేదు.
ఇవాళ మంగళవారం.